నీళ్ళు కాచేవాడి లెక్క

మా బడికి గంట లేదు.
నారిన్ లోయలో గాలి తలుపు తట్టే వేళకి
తొమ్మిదిమంది పిల్లలొస్తారు.
పొయ్యి వెలిగించడం నా ఉద్యోగం.
పిడకలు, కాస్త బొగ్గు, పొద్దున్నే చలిని తిట్టడానికి నాలుగు మాటలు,
ఇంతే నా సరంజామా.

ఆ సోమవారం గుల్‌బర్చిన్ పంతులమ్మ
రెండు గొర్రెల ఒంటిమీది ఉన్ని గోనెలో మోసుకొచ్చింది.
ఒకటి నల్లది, ఇంకోటి తెల్లదే గానీ
వాళ్ళమ్మ ఏదో వేరు ఉడకబెట్టి ఎర్రగా మార్చింది.
"తాతా, నీళ్ళు కావాలి.
వేలు పెట్టగలిగేంత వేడి, పెట్టి ఉంచలేనంత వేడి."
అరవై ఏడేళ్ళొచ్చాయి నాకు,
నీళ్ళని ఇంత కచ్చితంగా అడిగిన మనిషిని చూళ్ళేదు.

పిల్లలు ఉన్ని పీకారు, దువ్వారు, తుమ్మారు.
ఆవిడ తుమ్ముల్ని కూడా లెక్కపెట్టించింది.
పదిహేడు.
పదిహేడు తుమ్ముల్ని రెండు బల్లలకీ పంచమంటే
మిగిలిన ఆ ఒక్కటీ ఎవరిదని పేచీ.
మధ్యాహ్నం దాకా తెగలేదు.

ఉన్ని వెంట్రుకకి చేపలాగా పొలుసులుంటాయట.
వేడికి విచ్చుకుంటాయట, సబ్బుకి జారతాయట,
తొక్కితే ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవట.
భూతద్దంలోంచి నేనూ చూశాను.
ఏమీ కనబడలేదు.
కనబడిందన్నాను.
నా వయసులో ఎవరూ మార్కులు తగ్గించరు.

తడి ఉన్నిని రెల్లుచాపలో చుట్టి, తాడు కట్టి,
వరసగా నిలబడి తన్నారు.
తన్నుకో పేరు చెప్పాలి, నీళ్ళు పోయే దారిలో:
మన ఊరి వాగు,
నారిన్,
సిర్ దర్యా,
ఆపైన ఎండిపోయిన సముద్రం.
అక్కడ ఎర్మెక్ కాలు గాల్లోనే ఆగిపోయింది.
"ఇన్ని నీళ్ళు పోతుంటే ఎండిపోవడమేమిటి?"
పంతులమ్మ నావైపు చూసింది.
నీళ్ళ మనిషిని నేనే కదా.
"పత్తిచేలు తాగేశాయిరా," అన్నాను.
"సైన్యంలో ఉన్నప్పుడు చూశాను.
ఇసకలో పడవలు. పక్కన మేస్తూ ఒంటె."
కాసేపు ఎవరూ తన్నలేదు.
కెటిల్ ఒక్కటే మాట్లాడింది.

రెండ్రోజులు ఆరాక
ఎర్రదాని మీద నల్లది పరిచి
సుద్దముక్కతో పొట్టేలు కొమ్ము గీసింది,
రెండు పొరల్నీ ఒక్క కోతలో కోసింది.
ఎర్రకొమ్ము నల్లదాని గుంటలోకి,
నల్లకొమ్ము ఎర్రదాని గుంటలోకి
ఇల్లు మారినంత సులువుగా వెళ్ళి కూర్చున్నాయి.

అయ్‌జిరెక్ అని ఒక పిల్లుంది.
ముందుపళ్ళు ఊడినప్పట్నించీ నోరు విప్పదు.
ఆ పిల్ల నేలంతా వెతికింది,
బల్లల కింద, గోనెలో, నా బూడిద తట్టలో కూడా.
"ఏం పోయిందే?"
"ముక్కలు," అంది, పళ్ళ సందు సంగతి మరిచిపోయి.
"కోస్తే ఏదో ఒకటి మిగలాలి కదా తాతా.
తుమ్మైనా మిగిలింది."

పంతులమ్మ కుట్టడం ఆపి ఆ పిల్లని చూసింది.
చెప్పడానికి నోరు తెరిచి
చెప్పకుండా మూసేసింది.
పాఠం చెప్పడమంటే అదికూడానేమో, నాకు తెలీదు.
నేను నాలుగో తరగతితో ఆపినవాణ్ణి.

సాయంత్రం రిజిస్టరు తెరిచి కూర్చుంది.
జిల్లా ఆఫీసువాళ్ళు కొట్టిన గీతలు, ఆరు గడులు.
లెక్కలు, భాష, ప్రకృతి, తక్కినవి.
నేను బూడిద ఎత్తి, ఊడ్చి, తాళం చేతికి తీసుకున్నా
కలం ఇంకా కాగితం మీద వాలలేదు.
చివరికి మొదటి గడిలో మొదలెట్టి
గీతలన్నీ దాటుకుంటూ ఆరో గడి దాకా
ఒకే మాట సాగదీసి రాసింది:
ఉన్ని.

ఎర్రది పిల్లల దగ్గరుంది.
నల్లది నా స్టూలు మీద.
కూర్చుంటే ఇప్పటికీ సబ్బు వాసన.
ఒక మూల మాత్రం పలచగా ఉంది,
ఎర్మెక్ కాలు ఆగిన చోటు.
చలి అక్కణ్ణించే ఎక్కుతుంది.
పంతులమ్మ అతుకేస్తానంది గానీ వద్దన్నాను.
దానికి పేరుంది,
సముద్రం.